మంచులో కాలే బెల్టు



బయట సున్నాకు దిగువన 25 డిగ్రీల చలి. వదిలిన ఊపిరి మీసాల మీదే గడ్డకడుతోంది. అలాంటి చలిలో అడవి మధ్య ఒక బండి ఆగిపోయింది. పక్క మూత తీస్తే గుప్పున రబ్బరు మాడిన వాసన. పుల్లీ మీద వేలు పెడితే చురుక్కుమంది. ఈ మధ్యనే వేసిన కొత్త బెల్టు పీలికలు పీలికలై లోపల చుట్టుకుపోయి ఉంది. చుట్టూ నడుం లోతు మంచు ఉన్నచోట రబ్బరు వేడికి చావడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ వేడి ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎలా పసిగట్టాలో, బెల్టు ఎక్కువ కాలం మన్నాలంటే ఏం చెయ్యాలో ఇవాళ చెప్పుకుందాం.

ఆ బండి పేరు స్నోమొబైల్. ముందు రెండు స్కీలు, వెనక వెడల్పాటి రబ్బరు ట్రాక్, పైన మోటర్ సైకిల్‌కు ఉన్నట్టే సీటు, హ్యాండిల్. నడిపేవాళ్ళు ముద్దుగా స్లెడ్ అంటారు. గుల్మార్గ్ వెళ్ళొచ్చిన మనవాళ్ళలో చాలామంది దాని వెనక కూర్చుని ఓ చుట్టు తిరిగే ఉంటారు. సియాచిన్‌లో మన సైనికులు వాడే స్నో స్కూటర్ కూడా ఇదే. అమెరికాలో నేనుండే మిన్నెసోటాలో, పక్కన విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల్లో చలికాలం వచ్చిందంటే దీని మోత వినపడని ఊరు ఉండదు. ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు పిల్లలు కూడా ఇప్పుడు సెకండ్ హ్యాండ్ స్లెడ్లు కొని అడవిదారులు పడుతున్నారు. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా వాళ్ళ కోసం. అయితే గేర్లు లేని స్కూటర్ ఉన్న ప్రతి ఇంటికీ ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. అదేమిటో ముందుముందు తెలుస్తుంది.

ఈ బండి ఎందుకు పుట్టిందో ఒక్క నిమిషం గుర్తు చేసుకోవాలి. కెనడాలో క్యూబెక్ రాష్ట్రం, వాల్‌కూర్ అనే చిన్న ఊరు. అక్కడ జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ ఉండేవాడు. కుర్రతనం నుంచే మంచు మీద నడిచే బండి కోసం ప్రయోగాలు చేస్తుండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుక్కి కడుపులో జబ్బు ముదిరింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళే సాధనం లేదు. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత రెండుమూడేళ్ళలోనే ఆయన పళ్ళ చక్రంతో తిరిగే ట్రాక్‌కు పేటెంటు సంపాదించి, ఏడుగురు కూర్చునే మంచుబండి తయారుచేశాడు. 1959లో ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి, స్కీ-డూ, బజారులోకి వచ్చింది. అంతకు కొన్నేళ్ళ ముందే మా మిన్నెసోటాలోని రోసో అనే ఊళ్ళో హెటీన్ అన్నదమ్ములు, డేవిడ్ జాన్సన్ కలిసి పొలం పనిముట్లు చేసే షెడ్డులో మరో బండి కట్టారు. అదే పొలారిస్ స్లెడ్లకు నాంది. 1960లో ఎడ్గర్ హెటీన్ తోటివాళ్ళతో కలిసి ఆ బండ్ల మీద అలాస్కాను అడ్డంగా దాటాడు. దాదాపు 1,900 కిలోమీటర్లు. మంచులో ఈ బండిని నమ్ముకోవచ్చని లోకానికి చూపించడానికే ఆ ప్రయాణం.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, వేరే ఏ బండీ వెళ్ళలేని చోటికి వెళ్ళడానికే స్నోమొబైల్ పుట్టింది. అక్కడికి వెళ్ళాక అదే ఆగిపోతే మనల్ని తీసుకురావడానికి ఇంకో బండి రాలేదు. ఇంజన్‌కూ ట్రాక్‌కూ మధ్య ఉన్న బంధం అంతా దాదాపు 35 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక్క రబ్బరు బెల్టు. అది తెగితే ఎన్ని గుర్రాల బలమున్న ఇంజనైనా నిలబడ్డచోటే ఉత్తినే గీపెట్టాల్సిందే.

ఇప్పుడు యంత్రం లోపలికి వెళదాం.

స్లెడ్‌లో గేర్లు లేవు. రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక బెల్టు. ముందు పుల్లీ ఇంజన్ షాఫ్ట్ మీద ఉంటుంది. వెనక పుల్లీ ట్రాక్‌ను తిప్పే వైపు ఉంటుంది. వీటినే రైడర్లు ప్రైమరీ క్లచ్, సెకండరీ క్లచ్ అంటారు. ఒక్కో పుల్లీకి ఏటవాలు ముఖాలున్న రెండు బిళ్ళలుంటాయి. ఒకటి కదలదు, రెండోది దగ్గరికి జరుగుతుంది, దూరం జరుగుతుంది. బిళ్ళలు దగ్గరైతే బెల్టు అంచు వైపుకు పైకెక్కుతుంది. దూరమైతే మధ్యలోకి దిగుతుంది. బయల్దేరేటప్పుడు ముందు పుల్లీలో బెల్టు అడుగున, వెనక పుల్లీలో అంచున ఉంటుంది. వేగం పెరిగే కొద్దీ ముందు పైకెక్కుతుంది, వెనక కిందికి దిగుతుంది. మొదటి గేరు నుంచి చివరి గేరు దాకా అన్నీ ఇందులోనే ఇమిడి ఉన్నాయి. ఎక్కడా కుదుపు ఉండదు.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1958లో నెదర్లాండ్స్‌లో హుబ్ వాన్ డోర్న్ తన డాఫ్ కారులో రబ్బరు బెల్టులతో ఇదే పద్ధతి పెట్టాడు. మన దగ్గర 1980లలో కైనెటిక్ హోండా దీన్ని వీధివీధికీ తెచ్చింది. ఈ రోజు విజయవాడలోనో కరీంనగర్‌లోనో యాక్టివా మీద కూరగాయలకు వెళ్ళే ఇల్లాలి కాలి పక్కన, ఆ మూత కింద ఉన్నదీ ఇదే. మెకానిక్‌లు వేరియేటర్, రోలర్లు అంటారే, అవే. స్కూటర్‌కు ఏడెనిమిది గుర్రాల బలం. స్లెడ్‌కు 165, అంతకు పైన కూడా. తేడా అంతా అక్కడే ఉంది.

ముందు పుల్లీని మూసేది ఎవరు? లోపల చిన్న చిన్న లోహపు చేతులుంటాయి. వాటినే వెయిట్లు అంటారు. పుల్లీ తిరిగే కొద్దీ అవి బయటికి విసురుకుని కదిలే బిళ్ళను లోపలికి నెడతాయి. ఒక స్ప్రింగ్ దాన్ని వెనక్కి తోస్తూ ఉంటుంది. ఇంజన్ నిమిషానికి మూడున్నర, నాలుగు వేల చుట్లకు చేరినప్పుడు వెయిట్లది పైచేయి అవుతుంది, బెల్టు పట్టు దొరుకుతుంది, బండి కదులుతుంది. వెనక పుల్లీని మూసి ఉంచేది మరో స్ప్రింగ్, దానితో పాటు హెలిక్స్ అనే ఏటవాలు మెట్టు. కొండ ఎక్కేటప్పుడో, లోతు మంచులో దిగబడినప్పుడో ట్రాక్ మీద బరువు పెరిగితే, హెలిక్స్ మెలి తిరిగి వెనక బిళ్ళల్ని దగ్గరికి లాగుతుంది. బెల్టు అక్కడ పైకెక్కుతుంది, అంటే తక్కువ గేరుకు వస్తుంది. డ్రైవరు చెయ్యి పెట్టకుండానే ఆ బండి తన గేరు తాను మార్చుకుంటుంది.

ఇక్కడే క్లచ్ ట్యూనింగ్ అన్న మాట వస్తుంది. చాలామంది అది పందేలవాళ్ళ పని, వేగం పెంచుకునే పని అనుకుంటారు. నా దృష్టిలో ట్యూనింగ్ మొట్టమొదట బెల్టును బతికించే పని. ఎందుకంటే ఈ రెండు పుల్లీలూ బెల్టును ఎంత గట్టిగా పట్టుకోవాలో అంతే పట్టుకోవాలి. పట్టు తక్కువైతే బెల్టు జారుతుంది. జారితే వేడి. పట్టు మరీ ఎక్కువైతే బెల్టు ఇరుకులో దూరి, బలవంతంగా బయటపడుతూ నలుగుతుంది. అదీ వేడే. వేడే అసలు దొంగ. బెల్టు తెగడం చివర జరిగే సంగతి మాత్రమే.

ఆ వేడి ఎంతో కాస్త లెక్క వేద్దాం. 165 గుర్రాల బలమంటే సుమారు 123 కిలోవాట్లు. అందులో పదో వంతు బెల్టు దగ్గర వృథా అయిందనుకుందాం. 12 కిలోవాట్లు. మన స్నానాల గదిలో ఉండే గీజరు 2 కిలోవాట్లది. అంటే ఆరు గీజర్లు ఒక బీరువా అరంత చోటులో ఒకేసారి మండుతున్నాయన్నమాట. బయట ఎంత చలి ఉన్నా, ఆ మూత లోపలికి వచ్చే గాలి చాలకపోతే ఆ వేడి ఎక్కడికీ పోదు. వి-బెల్టులు తయారుచేసే ఇంజనీర్లు ఎప్పటి నుంచో ఒక లెక్క చెబుతారు. బెల్టు లోపలి వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. 80 డిగ్రీల దగ్గర ఒక చలికాలమంతా మన్నే బెల్టు 110 డిగ్రీల దగ్గర అందులో ఎనిమిదో వంతు కూడా మన్నడం కష్టం. ఇవాళ బాగానే ఉంది, రేపు ఉన్నట్టుండి తెగిందని అంటామే, అది ఉన్నట్టుండి తెగదు. పైకి కనపడకుండా రోజూ కొంత కొంత చస్తూ వస్తుంది.

ఈ సంగతి నాకు తెలిసిన ఒక కుర్రవాడి విషయంలో బాగా రుజువైంది. వరంగల్ నుంచి వచ్చి మినియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పాత స్లెడ్ ఒకటి కొన్నాడు. ఒక రాత్రి ఫోను.

"అన్నా, మళ్ళీ తెగింది. ఈ చలికాలంలో ఇది మూడోది. నాసిరకం బెల్టులు అంటగడుతున్నారన్నా."

"తెగకముందు ఎప్పుడైనా బండి ఆపి క్లచ్ ముట్టుకుని చూశావా తమ్ముడూ?"

"క్లచ్ ముట్టుకోవడమా? ఎందుకన్నా?"

"పాత బెల్టులు పారేశావా?"

"లేదన్నా, గరాజ్‌లోనే మూల పడేసి ఉన్నాయి."

ఆ శనివారం వెళ్ళి ఆ మూడు బెల్టుల్నీ దీపం కింద పరిచాం. మూడింటికీ ఒకే వైపు అంచు పీచులు పీచులుగా లేచి ఉంది. లోపలి దారాలు బయటికి వేలాడుతున్నాయి. రెండో అంచు నున్నగా, చెక్కు చెదరకుండా ఉంది. ఒకే వైపు అరిగిందంటే తప్పు రబ్బరుది కాదు. ముందు పుల్లీ, వెనక పుల్లీ ఒకే వరసలో లేవు. దీనికి ఒక సూటి ఇనుప పట్టీ దొరుకుతుంది. దాన్ని వెనక పుల్లీ బిళ్ళల మధ్య బిగించి, రెండో కొసను ముందు పుల్లీ వీపు దాకా చాపాలి. ఆ కొస పుల్లీ ముందంచు దగ్గరా వెనకంచు దగ్గరా కంపెనీ పుస్తకంలో చెప్పిన సందుతోనే ఉండాలి. మాకు ఒక వైపు తగులుతోంది, రెండో వైపు వేలు దూరేంత సందు. ఆ కుర్రవాడు ఇంజన్ కింద పలుగు పెట్టి కాస్త ఎత్తితే ఇంజన్ మొత్తం ఊగింది. దాన్ని పట్టి ఉంచే రబ్బరు మౌంటు అడుగున చీలిపోయి ఉంది. నిలబడి ఉన్నప్పుడే అంత వంకర ఉంటే, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు బెల్టు లాగుడుకు ముందు పుల్లీ ఇంకెంత వాలుతుందో ఆలోచించండి. మౌంటు మార్చాం, వాషర్లు వేసి పుల్లీలను వరసలోకి తెచ్చాం. నాలుగో బెల్టు వేశాం. వసంతం వచ్చి మంచు కరిగేదాకా అదే నడిచింది.

అందుకే నా మొదటి మాట ఇది. తెగిన బెల్టును పారెయ్యకండి. అది తన చావుకు కారణం తన ఒంటి మీదే రాసుకుని ఉంటుంది. ఒక అంచు మాత్రమే పీచులు లేస్తే పుల్లీల వరస తప్పింది. రెండు పక్కలా అద్దంలా మెరుస్తుంటే బెల్టు జారి జారి కాలింది. ఒక్కచోట మాత్రమే నడుము సన్నబడినట్టు తరుగుంటే, ట్రాక్ కదలకుండా ఉన్నప్పుడు ఎవరో యాక్సిలరేటర్ గట్టిగా ఇచ్చారు. పళ్ళు ఊడిపోయి ఉంటే లోపలి రబ్బరు వేడికి మెత్తబడిపోయింది. పుల్లీల చుట్టూ నల్లటి పొడి కుప్పగా పడి ఉంటే అరుగుడు చాలాకాలంగా సాగుతోంది.

రెండో మాట: ముట్టుకు చూడండి. కాసేపు గట్టిగా నడిపాక బండి ఆపి, ఇంజన్ పూర్తిగా ఆర్పి, తాళం తీసి, పక్క మూత తెరిచి రెండు పుల్లీల మీదా చెయ్యి ఆనించండి. ఐదారు సెకన్లు ఉంచగలిగితే నిశ్చింతగా ముందుకు సాగవచ్చు. తాకగానే చెయ్యి వెనక్కి వచ్చేస్తే ఎక్కడో జారుతోంది. ముందు పుల్లీ ఇంజన్‌కూ పొగగొట్టానికీ దగ్గర కాబట్టి కొంచెం ఎక్కువ వేడిగా ఉండడం సహజం. మరీ ఎక్కువగా ఉంటే ముందువైపు పట్టు చాలడం లేదు. వెనకదే ఎక్కువ వేడిగా ఉంటే హెలిక్స్‌నూ, వెనక స్ప్రింగ్‌నూ చూడాలి. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే మరీ మంచిది. కానీ మెరిసే అల్యూమినియం మీద అది ఉన్న వేడి కంటే తక్కువ చూపిస్తుంది. పుల్లీ మీద నల్లటి మచ్చ ఒకటి వేసుకుని దాని మీదికి గురిపెట్టాలి, లేదా బెల్టు మీదికే పెట్టాలి.

మూడోది ఆర్‌పీఎం. ప్రతి ఇంజన్‌కూ అన్నిటికంటే ఎక్కువ బలం ఇచ్చే ఒక వేగం ఉంటుంది. ఈ కాలపు 850 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్లకు అది నిమిషానికి 8,000 చుట్ల ప్రాంతంలో ఉంటుంది. సరైన అంకె కంపెనీ పుస్తకంలో ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి, బండి వేగం ఎంతున్నా, మీటరు ముల్లు ఆ అంకె దగ్గరే నిలబడాలి. అదే క్లచ్ సరిగా కుదిరిందనడానికి గుర్తు. ముల్లు అంకె దాటి పోతుంటే వెయిట్లు తేలికయ్యాయి, పట్టు చాలడం లేదు. అంకెకు చేరకుండా మూలుగుతుంటే వెయిట్లు బరువయ్యాయి, బండి తొందరపడి పై గేరులోకి వెళ్ళిపోతోంది. ఒక్కో చేతి మీద ఒక గ్రాము మారిస్తే సుమారు 100 ఆర్‌పీఎం మారుతుందని మెకానిక్‌లు వాడే మోటు లెక్క. స్కీ-డూ వాళ్ళ ట్రా క్లచ్‌లో పని మరీ సులువు. దాని మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్న స్క్రూలు ఉంటాయి. ఒక్కో అంకె జరిపితే 200 ఆర్‌పీఎం ప్రాంతంలో తేడా వస్తుంది. పెద్ద అంకె పెడితే ఆర్‌పీఎం పెరుగుతుంది.

ఇవి ఎందుకు మార్చాల్సి వస్తుంది, కంపెనీవాళ్ళే సరిచేసి పంపుతారు కదా అంటారా? వాళ్ళు ఒక ఎత్తుకు సరిచేసి పంపుతారు. మనం వెళ్ళేది మరో ఎత్తుకు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ మామూలు ఇంజన్ తన బలంలో దాదాపు 3 శాతం పోగొట్టుకుంటుంది, గాలి పలచబడుతుంది కాబట్టి. మిన్నెసోటా మైదానం నుంచి స్లెడ్‌ను ట్రెయిలర్ మీద వేసుకుని వ్యోమింగ్‌లో దాదాపు 2,900 మీటర్ల ఎత్తున్న టోగొటీ కనుమకు పోతే పావు వంతుకు పైగా బలం మాయమవుతుంది. అదే వెయిట్లతో నడిపితే ముల్లు పైకి లేవదు, బండి మూలుగుతుంది. అందుకే కొండ మీద వెయిట్లు తేలిక చేస్తారు. మళ్ళీ కిందికి వచ్చాక బరువు పెంచడం మరిచిపోతే, ఈసారి తిరిగొచ్చిన బలానికి పట్టు చాలక బెల్టు జారుతుంది. కొండ నుంచి ఇంటికొచ్చిన వారం తెగే బెల్టుల వెనక చాలాసార్లు ఇదే కారణం.

టర్బో బండ్ల సంగతి వేరు. 2020లో స్కీ-డూ కంపెనీయే టర్బో బిగించిన టూ స్ట్రోక్ స్లెడ్ తెచ్చింది. అది 2,400 మీటర్ల ఎత్తు దాకా 165 గుర్రాల బలం తగ్గకుండా ఇస్తుంది. రైడర్‌కు ఆనందమే. కానీ లోతైన పొడిమంచులో, ఏటవాలు కొండ మీద, తక్కువ వేగంతో పోతున్నప్పుడు ఆ బలమంతా బెల్టు మీదే పడుతుంది. బెల్టు ముందు పుల్లీలో అడుగున చిన్న చుట్టులో మెలి తిరుగుతూ ఉంటుంది. దానికి అన్నిటికంటే కష్టమైన చోటు అదే. కొండల్లో తిరిగేవాళ్ళు, వెనక పుల్లీ నుంచి ట్రాక్‌కు బలాన్ని చేర్చే చెయిన్‌కేసులో పళ్ళ చక్రాలు మార్చి గేరింగ్ తగ్గించుకోవడం ఇందుకే. గంటకు 150 కిలోమీటర్లు ఎప్పుడూ పోని బండికి 150 పోయే గేరింగ్ ఉంచితే, బెల్టు జీవితమంతా ఆ చిన్న చుట్టులోనే గడిచిపోతుంది.

ట్యూనింగ్ చేసేవాళ్ళు ఒక్క నియమం పాటిస్తే చాలు, సగం పని అయినట్టే. ఒకసారికి ఒక్కటే మార్చండి. వెయిట్లు మార్చిన రోజు స్ప్రింగ్ జోలికి పోవద్దు. ఏం మార్చారో, ముల్లు ఎక్కడ నిలిచిందో, పుల్లీ ఎంత వేడెక్కిందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. అన్నీ ఒకేసారి మారిస్తే, బాగుపడినా పాడైనా దేనివల్లో తెలియదు. క్లచ్ ట్యూనింగ్ మీద ఇక్కడివాళ్ళు ఎక్కువగా చదివే పుస్తకం ఓలవ్ ఆయెన్ రాసినది. అందులో సిద్ధాంతం ఉంది. మీ బండికి వర్తించే పాఠం మాత్రం మీరు రాసుకున్న పుస్తకంలోనే దొరుకుతుంది.

ఇక వేడి గురించి మరో మాట. డాష్‌బోర్డు మీద వేడి హెచ్చరిక దీపం వెలిగితే అది బెల్టు గురించి కాదు, ఇంజన్ నీళ్ళ గురించి. ఈ రెంటినీ కలిపేసి కంగారు పడేవాళ్ళున్నారు. ఈ బండ్లలో చాలావాటికి కారులో ఉన్నట్టు ముందు రేడియేటర్ ఉండదు. ట్రాక్ పైకప్పు కింద అల్యూమినియం గొట్టాల గదులుంటాయి. ట్రాక్ ఎగజిమ్మిన మంచు వాటి మీద పడి కరుగుతూ వేడిని లాగేస్తుంది. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళు కావాలి కాబట్టి, మెత్తటి మంచు ఉన్నంతసేపూ ఇంజన్‌కు అంతకు మించిన చలువ లేదు. గట్టి మంచుగడ్డ దారిలో, గడ్డకట్టిన చెరువు మీద ట్రాక్‌కు ఎగజిమ్మడానికి మంచే దొరకదు. అప్పుడు ఇంజన్ కాగుతుంది, కింద ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలు కూడా కాగుతాయి. అందుకే ఐస్ స్క్రాచర్లని ఉక్కు మేకులు రెండు వైపులా దించి గడ్డను గీరుతూ పోతారు. దీపం వెలిగితే భయపడక్కరలేదు. జాగ్రత్తగా దారి పక్క మెత్తటి మంచులోకి దించి కొంచెం సేపు నడిపితే చల్లబడుతుంది. బెల్టుకు మాత్రం అలాంటి దీపం చాలా బండ్లలో లేదు. దాన్ని కాపాడవలసింది మన చెయ్యే.

మరి రోజువారీ జాగ్రత్తలేమిటి? కొత్త బెల్టును గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి, తయారీలో అంటిన జిడ్డు పోతుంది. పుల్లీ ముఖాల్ని ఆల్కహాల్‌తో తుడవాలి. పొరపాటున కూడా అక్కడ నూనె గానీ గ్రీజు గానీ తగలకూడదు. మొదటి 50 కిలోమీటర్లు కొత్త బెల్టును కొత్త కోడలిని చూసుకున్నట్టు చూసుకోవాలి. వేగం మార్చి మార్చి నడపాలి, ఒకే వేగంతో గంటలకొద్దీ గుంజకూడదు. పొద్దున్నే బండి తీసేటప్పుడు మరీ జాగ్రత్త. రాత్రంతా నిలబడిన బండి ట్రాక్ నేలకు గడ్డకట్టుకుని ఉంటుంది. అది తెలియక యాక్సిలరేటర్ ఇస్తే ముందు పుల్లీ గిర్రున తిరుగుతుంది, కదలని బెల్టును ఒకేచోట ఒరుసుకుంటుంది. కొన్ని సెకన్లలో అక్కడ గుంట పడుతుంది. ఆ బెల్టు ఇక ఎన్నాళ్ళున్నా అక్కడ దబదబమంటూనే ఉంటుంది. అందుకని వెనక బంపరు పట్టి ఎత్తి, ట్రాక్‌ను విడిపించి, ఇంజన్‌ను వెచ్చబెట్టి, మొదటి రెండు కిలోమీటర్లు నిదానంగా పోవాలి. చలికి బిగుసుకున్న రబ్బరు మెల్లగా సాగాలి. పెద్ద కొండ ఎక్కి దిగాక టక్కున ఆపెయ్యకుండా కాసేపు మెల్లగా నడిపితే పుల్లీల రెక్కలే గాలి విసిరి చల్లబరుస్తాయి. మూతల మీద గాలి సందులకు మంచు పట్టి ఉంటే తుడిచెయ్యాలి. బెల్టు మీద ఉండే రక్షణ కవచాన్ని తీసేసి మాత్రం నడపవద్దు. ఆ వేగంతో తిరుగుతూ తెగిన బెల్టు తుపాకి గుండుతో సమానం.

ఇప్పుడు స్కూటర్లవాళ్ళకు ఇస్తానన్న మాట. మీ బండి బెల్టు తెగి మెకానిక్ దగ్గరికి తీసుకెళితే, బెల్టు ఒక్కటే మార్చించుకుని రాకండి. వేరియేటర్ తీయించి రోలర్లు చూడండి. గుండ్రంగా ఉండాల్సినవి ఒక పక్క పలచగా అరిగి ఉంటే అవీ మార్చాలి. పుల్లీ ముఖాల మీద గాడి పడిందేమో చూడండి. వెనక పుల్లీ స్ప్రింగ్ నీరసించిందేమో చూడమనండి. ముగ్గురు కూర్చుని ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిగే స్కూటర్‌కు లోతు మంచులో నడిచే స్లెడ్‌కున్న ఇబ్బందే ఉంది. తక్కువ వేగం, ఎక్కువ బరువు, చాలని గాలి. పాత రోలర్ల మీద కొత్త బెల్టు వేస్తే పాత రోగం కొత్త బెల్టుకు అంటుకుంటుంది. మెకానిక్ బెల్టు మార్చి ఇచ్చేస్తానంటే, ఎందుకు తెగిందో చెప్పి ఇవ్వమని అడగండి. మంచి మెకానిక్ ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

చివరిగా, ఇక్కడ అమెరికాలో, కెనడాలో కొత్తగా స్లెడ్లు కొంటున్న మన పిల్లలతో రెండు మాటలు. మీరు నడిపే చోట ఫోన్ సిగ్నల్ ఉండదు. చీకటి తొందరగా పడుతుంది. ఇరవై కిలోమీటర్లు మంచులో నడిచి రావడం ఎవరి తరమూ కాదు. సీటు కింద ఒక కొత్త బెల్టు, దాన్ని మార్చే పనిముట్టు ఎప్పుడూ ఉంచుకోండి. ఉంచుకోవడమే కాదు, ఇంటి దగ్గర ఓ ఆదివారం మధ్యాహ్నం చేతికి మందపాటి గ్లవుజులు తొడుక్కుని బెల్టు విప్పి మళ్ళీ వేసి చూడండి. వేళ్ళు కొంకర్లు పోతున్న చీకట్లో మొదటిసారి నేర్చుకునే పని కాదది. ఒంటరిగా పోవద్దు. బయల్దేరే ముందు పుల్లీల వరస, బెల్టు అంచులు, మీటరు ముల్లు చూసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ మీతో వచ్చే స్నేహితుడి కోసం, ఇంట్లో మీ కోసం అన్నం పెట్టుకుని ఎదురుచూసేవాళ్ళ కోసం. యంత్రం ఎంత గొప్పదైనా దాని బాగోగులు చూసే మనిషి ఉన్నంతవరకే అది నమ్మకంగా నడుస్తుంది. ఆ మనిషి మీరే కావాలి.